మూల మడత

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే మడిస్తే కొస నేలకి తగులుతుంది, నేలకి తగిలితే మళ్లీ ఉతకాలి. ఆ ఆసుపత్రి లాండ్రీలో మూడు బల్లలున్నాయి, బల్లకి ఇద్దరు చొప్పున ఆరుగురు ఆడవాళ్లు. కిటికీ పక్క బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లు నిలబడ్డ మనిషి చనిపోయి నాలుగు నెలలైంది. ఆ చోట ఇప్పుడు ఆమె కూతురు నిలబడుతోంది.

పిల్లకి ఇరవై నిండలేదు. నోట్లో నాలుక లేనట్టుండేది. ఎవరైనా పలకరిస్తే కళ్లు నేలకి దిగిపోయేవి, మెడ భుజాల మధ్యకి వెళ్లిపోయేది. పనిలో చేరిన మొదటి వారమే మిగతా ఆడవాళ్లు నత్త అని పేరు పెట్టేశారు. రెండో వారానికి ఆ పేరులోని వెటకారం అరిగిపోయింది. 'నత్తా, ఆ బుట్ట ఇటు తోయవే' అంటే తోసేది. తనకి అసలు పేరు ఇంకొకటుందని తనే మర్చిపోయినట్టుండేది.

బల్లకి అటువైపు పొడుగక్క. మనిషి తలుపు చట్రమంత ఉంటుంది, లాండ్రీలో ఆమె ఒక్కతే స్టూలు లేకుండా పై అర అందుకోగలదు. పద్దెనిమిదేళ్లూ తల్లి పట్టుకున్న ప్రతి దుప్పటికీ అవతలి కొస పట్టుకున్నది ఈమే.

పని చూడటానికి తేలిక. ఇస్త్రీ చేసే రోలరు మీంచి దుప్పటి కాలుతూ వస్తుంది. ఇద్దరూ చెరో వైపు రెండేసి మూలలు పట్టుకుని నిలువునా సగానికి మడుస్తారు. మళ్లీ సగానికి. అప్పుడు అటువైపు మనిషి నడిచి వచ్చి తన కొస ఇటువైపు మనిషి చేతికి అందిస్తుంది, అది మూడో మడత. నాలుగోది బల్ల మీద. అక్కడితో అయిపోవాలి. మిగతా రెండు బల్లల మీదా అక్కడితోనే అయిపోయేది. తల్లి మాత్రం పైకి కనిపించే మూలని బొటనవేలితో లోపలికి తోసేది, ఉత్తరం మూసినట్టు.

మడతకో మాట కూడా ఉండేది. మొదటి మడతకి 'నొప్పి తగ్గాలి' అనేది. రెండోదానికి 'నిద్ర పట్టాలి'. పొడుగక్క నడిచి వస్తుంటే 'భయం పోవాలి'. బల్ల మీద 'లేచి కూర్చోవాలి'. చివర మూల లోపలికి తోస్తూ 'దేవుడా, ఇక నువ్వు చూసుకో'. ఆ రోలరు మోతలో పక్క బల్లకి కూడా వినిపించేది కాదు. ఆ దుప్పటి ఏ వార్డుకి పోతుందో, దాని మీద ఎవరు పడుకుంటారో ఆమెకి తెలియదు. తెలియని ఆ మనిషి కోసమే ఆ మాటలు. ఆమెకి వాళ్ల అమ్మ దగ్గర్నుంచి వచ్చాయట, ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో మరి.

పిల్లకి ఈ మాటలు ఊహ తెలిసినప్పటి నుంచి వచ్చు. ఇంట్లో దుప్పట్లు ఉతికిన రోజు అవతలి కొస పట్టుకునేది తనే. చేతులు పొట్టివి కాబట్టి కుర్చీ ఎక్కి పట్టుకునేది. 'భయం పోవాలి' అనగానే కుర్చీ దిగి పరిగెత్తుకొచ్చి అమ్మ చేతికి కొస ఇచ్చేది. మూల మడత కూడా అలాగే చేతికి వచ్చేసింది. బొటనవేలు ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసేది.

ఇప్పుడు లాండ్రీలోనూ బొటనవేలు దాని పని అది చేస్తోంది. నోరు మాత్రం తెరుచుకోవడం లేదు.

మొదటి రోజుల్లో దీని వల్ల పెద్ద గందరగోళమే అయింది. పొడుగక్క కాళ్లు పద్దెనిమిదేళ్లుగా 'భయం పోవాలి' అన్న మాటకే కదిలేవి. ఆ మాట వినపడక ఒకసారి ముందే నడిచి పిల్లని గుద్దుకుంది, ఇంకోసారి అక్కడే నిలబడిపోయింది, దుప్పటి మధ్యలో వేలాడి నేలకి తగిలింది. ఒక్క పూటలో పదకొండు దుప్పట్లు మళ్లీ ఉతుకుడుకి వెళ్లాయి.  మర్నాటి నుంచి పొడుగక్క తనే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

పిల్లకి కోపమేమీ లేదు. ఏడుపూ రాలేదు. చలికి మొద్దుబారిన వేలికి సూది గుచ్చుకుంటే గుచ్చుకున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. అలా ఉండేది. అన్నం తినేది, జడ వేసుకునేది, టైముకి పనిలోకి వచ్చేది. ఆ అయిదు మాటలూ నోటి దాకా వస్తే అక్కడ తీసుకునేవాళ్లెవరూ లేనట్టు వెనక్కి వెళ్లిపోయేవి.

నాన్న అదే ఆసుపత్రిలో బాయిలరు మనిషి. వెనక పెరట్లో ఆయన ఆవిరి పంపితేనే లాండ్రీలో రోలరు వేడెక్కుతుంది. దేవుడి సంగతులు ఆయనకి పట్టేవి కావు. 'ఆవిరి పంపడం వరకే నా పూచీ, అక్కడి నుంచి నువ్వూ మీ దేవుడూ చూసుకోండి' అని భార్యని ఆటపట్టించేవాడు. 'మీ ఆవిరి కూడా ఆయన లెక్కలోదే' అనేది ఆమె. ఆమె రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర నిలబడి కళ్లు మూసుకునేది. ఇప్పుడు నాన్న నిలబడుతున్నాడు. చేతులు కట్టుకుని, కళ్లు తెరిచే, పొయ్యి మీద నీళ్లు మరిగేంత సేపు. తర్వాత పొయ్యి ఆపి పనికి వెళ్లిపోతాడు. పిల్ల పక్క మీంచి రోజూ చూసేది. నువ్వూ వచ్చి నిలబడమని ఆయన ఒక్కసారీ అనలేదు.

ఇలా ఉండగా ఒకరోజు మూడో వార్డు సిస్టరు స్వయంగా లాండ్రీలోకి దిగింది. ట్రాలీ తోసే మనిషి రాలేదట. ఉతికిన దుప్పట్ల దొంతరల దగ్గరికి వచ్చి, ఒక్కోదాని మూల బొటనవేలితో తడిమి చూసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. అన్నీ ఒకటే కదా, ఏమిటమ్మా ఏరుతున్నావు అని పొడుగక్క అడిగింది. సిస్టరు ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లూ కింద వీళ్లకి తెలియదని ఆమె అనుకోలేదు.

సంగతి ఏమిటంటే, చాలా ఏళ్ల కిందట ఈ సిస్టరు కొత్తగా చేరినప్పుడు, ఈ మూల మడత ఎందుకని పిల్ల తల్లిని అడిగిందట. ఆవిడ సిగ్గుపడుతూ చెప్పిందట. అప్పటి నుంచి మూడో వార్డులో మూల మడిచిన దుప్పట్లు వేరే పై అరలో పెడుతున్నారు. ఎవరి పరిస్థితి బాగా లేదో వాళ్లకి అవి వేస్తారు. ఇప్పుడు నాలుగో వార్డు వాళ్లు కూడా అడిగి పట్టుకెళ్తున్నారు. రోగుల తాలూకు మనుషులకి కూడా తెలిసిపోయింది.

"మీ అమ్మ పోయాక ఇవి ఆగిపోతాయనుకున్నాను," అంది సిస్టరు పిల్ల వైపు తిరిగి. "ఆగలేదు. నువ్వూ చేస్తున్నావని మావాళ్లందరికీ చెప్పాను."

పిల్ల నేల వైపు చూసింది. సిస్టరు అది మామూలు సిగ్గే అనుకుని దుప్పట్లు ఎత్తుకుని వెళ్లిపోయింది.

రోజుకి నూట ఇరవై దాకా మడుస్తారు వాళ్ల బల్ల మీద. నాలుగు నెలలు. అన్నిటికీ మూల మడత ఉంది, ఒక్కదానిలోనూ మాట లేదు. అవన్నీ పైన ఒక అరలో దాచి, ప్రాణం మీదికి వచ్చినవాళ్ల కింద పరుస్తున్నారు. పిల్ల చేతిలో ఉన్న దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది. వెనక నుంచి ఎవరో నత్తా, నిద్రపోయావా అన్నారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసొచ్చింది. అమ్మ మూడో వార్డులోనే పోయింది. పోవడానికి నాలుగు రోజుల ముందు సిస్టరు దుప్పటి మారుస్తుంటే పిల్ల సాయం పట్టింది. కొత్త దుప్పటికి మూల మడత ఉంది. అమ్మ దాన్ని తడిమి, 'నాదే, పనికి పోకపోయినా పని నన్ను వదల్లేదు' అని నవ్వింది. అప్పుడు పిల్ల కూడా నవ్వింది, అది అనుకోకుండా వచ్చిందనే అనుకుంది. ఇప్పుడు తెలిసింది, సిస్టరు దాన్ని పై అరలోంచి తీసింది. అమ్మ నోటితో అమ్మే అన్న మాటలన్నీ దాని లోపల ఉన్నాయి. అయినా అమ్మ లేచి కూర్చోలేదు.

ఇది తెలిశాక గుండె పట్టుకుని కూలబడాలేమో అని పిల్లకి తోచింది. అలాంటిదేమీ జరగలేదు. తర్వాతి దుప్పటి వచ్చింది, పట్టుకుంది.

మర్నాటి నుంచి మూల మడవడం మానేసింది. అనుకున్నంత తేలిక కాలేదు. బొటనవేలు దాని దారిన అది పోతుండేది, అందుకని నాలుగో మడత కాగానే దాన్ని పిడికిట్లో దాచుకునేది. మొదటి రోజు ఆరు దుప్పట్లకి పొరపాటున మడత పడిపోతే మళ్లీ విప్పి సాపు చేసింది. పొడుగక్క అన్నీ చూస్తూనే ఉంది. చెయ్యి కాలిందా అని మాత్రం అడిగింది. లేదంది పిల్ల.

మూడో రోజు ట్రాలీ మనిషి సిస్టరు కబురు పట్టుకొచ్చాడు, పై అర ఖాళీ అయిపోయిందని. పిల్ల తల ఊపి తర్వాతి దుప్పటి అందుకుంది.

అయిదో రోజు మధ్యాహ్నం, మిగతావాళ్లు భోజనాలకి బయటికి వెళ్లిన వేళ, ఒక మనిషి లాండ్రీ గుమ్మంలో నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాడు, సన్నంగా ఉన్నాడు, మెడలో కొలతల టేపు వేలాడుతోంది. దుకాణం నుంచి అలాగే లేచి వచ్చినట్టున్నాడు, దర్జీ అని వేరే చెప్పక్కర్లేదు. లోపల పొడుగక్క మూటల మీద కాళ్లు చాపుకుని కునుకు తీస్తోంది. పిల్ల ఖాళీ బుట్టలు సర్దుతోంది.

"మూల మడిచేది ఎవరమ్మా?"

పొడుగక్క కళ్లు తెరవకుండానే గడ్డంతో పిల్లని చూపించింది.

ఇంత చిన్నపిల్ల అనుకోలేదన్నాడు దర్జీ. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. భార్య మూడో వార్డులో ఉంది, మూడు వారాలైంది. ఇద్దరిదీ ఒకటే దుకాణం, మిషను ఆయనది, చేతి కుట్టు ఆమెది. గుడ్డ పరిచాక మూల మడత విడిపోయినా అక్కడ చిన్న గీత మిగులుతుంది, త్రికోణంలా. ఆమె దాన్ని వేళ్లతో వెతుక్కుని, దాని మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటోంది. నిన్న దుప్పటి మార్చారు. మూలలు నాలుగూ తడిమి చూసిందట, దొరకలేదు. నాదేది అని అడుగుతోంది. సిస్టరుని అడిగితే కింది నుంచి రావడం లేదంది. అందుకని వచ్చాడు.

పిల్ల బుట్ట కింద పెట్టింది. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పక్కలకి వేలాడేసింది.

"అందులో ఏమీ లేదండి," అంది.

"ఏమిటి లేదు?"

"మా అమ్మ మాటలు అనేది. నేను అనలేదు. నాలుగు నెలల నుంచి ఉత్తినే మడిచాను. మీకు వచ్చినవన్నీ ఉత్తివే."

నాలుగు నెలల్లో ఆ గదిలో ఆ పిల్ల నోటి నుంచి ఒక్కసారిగా అన్ని మాటలు రావడం అదే మొదలు. పొడుగక్క కాళ్లు కిందికి దించి కూర్చుంది.

దర్జీ టేపు కొసని వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. మొహం చూస్తే కోపమొచ్చిందో లేదో తెలియడం లేదు.

"అందుకేనా మానేశావు?"

"అవునండి."

"వేయని కుట్టు వేశామని చెప్పుకునేవాళ్లని చాలామందిని చూశాను," అన్నాడాయన. "వేయలేదని చెప్పినవాళ్లని చూడలేదు." టేపు వేలి నుంచి విప్పేసి మళ్లీ అడిగాడు. "ఆ మాటలు నీకు వచ్చా, రావా?"

"వచ్చు."

"అయితే ఒక్కటి మడిచి పెట్టు తల్లీ."

"నాకు నమ్మకం లేదండి. ఏమీ లేదు లోపల."

"గుడ్డ ఒకళ్లది, కుట్టు ఒకళ్లది. మా పనంతా అంతేగా. నమ్మే పని నాకూ మా ఆవిడకీ వదిలెయ్యి. మాటలు నువ్వు పెట్టు."

రోలరు ఆపి ఉంది. పిల్ల దొంతర మధ్యలోంచి ఒక దుప్పటి తీసి, మడతలన్నీ విప్పింది. పొడుగక్క లేవబోతుంటే దర్జీ వద్దని చేత్తోనే చెప్పి, అవతలి మూలలు రెండూ తనే పట్టుకున్నాడు. పట్టుకోవడంలోనే తెలిసింది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గుడ్డ పట్టిన చేతులు. దుప్పటి బల్లలా బిగిసింది.

మొదటి మాటకి గొంతు తుప్పు పట్టిన గొళ్లెంలా బిర్రుగా కదిలింది. నొప్పి తగ్గాలి. అంచుకి అంచు నూలు పోగంత తేడా లేకుండా కలిసింది. నిద్ర పట్టాలి. రెండోదీ కలిసింది. భయం పోవాలి. దర్జీ అక్కడే నిలబడ్డాడు. పిల్ల ఎదురు చూసింది, ఆయనా ఎదురు చూశాడు.

"ఇప్పుడు నడవాలి," అంది వెనక నుంచి పొడుగక్క.

దర్జీ గబగబా నడిచి వచ్చి కొస అందించాడు. బల్ల మీద నాలుగో మడత వేస్తూ పిల్ల 'లేచి కూర్చోవాలి' అంది. ఇక్కడ గొంతు ఆగుతుందేమో అనుకుంది, ఆగలేదు. బొటనవేలు మూల దగ్గరికి తనంతట తనే వెళ్లింది. దేవుడా, ఇక నువ్వు చూసుకో.

ఏమైనా అనిపించిందా అని తనని తాను చూసుకుంది. గుడ్డ వెచ్చగా ఉంది. దొంతర మధ్యలోది కాబట్టి పొద్దుటి వేడి ఇంకా పోలేదు. అంతే.

దర్జీ దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకున్నాడు, ఎవరి పెళ్లి బట్టలో అప్పగించడానికి తీసుకెళ్తున్నట్టు. వెళ్తానని చెప్పడం కూడా మర్చిపోయి మెట్లెక్కాడు.

పొడుగక్క మళ్లీ మూటలకి ఆనుకుంది. "మీ అమ్మ కంటే నువ్వు తొందరగా అంటున్నావే. కొంచెం ఆగి అను. నా కాళ్లకి ఇప్పుడు వయసొచ్చింది," అంది.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర నాన్న చేతులకి పట్టిన మసి కడుక్కుంటుంటే, పిల్ల తువ్వాలు పట్టుకుని నిలబడి అడిగింది.

"ఎవరికి తగ్గిందో ఎవరికి తగ్గలేదో, అమ్మకి తెలిసేదా నాన్నా?"

"లాండ్రీకి ఆ కబురు రాదుగా. ఇంటికెళ్లినవాళ్ల దుప్పటీ, పోయినవాళ్ల దుప్పటీ ఒకే బుట్టలో వస్తాయి."

"సిస్టరుని అడగొచ్చుగా."

నాన్న సబ్బు రెండోసారి రుద్దుకున్నాడు. ఒకసారి తను ఇదే అన్నాడట. ఇన్నేళ్లు అంటున్నావు కదా, ఒక్కసారైనా కనుక్కో, పని చేస్తోందో లేదో తెలుస్తుంది అని. అలా కనుక్కోవడం నా పనిలోది కాదు అందట ఆమె. "నాకు అర్థం కాలేదు," అన్నాడు. "ఇప్పటికీ కాదు."

"మరి పొద్దున్నే కిటికీ దగ్గర నువ్వేమంటావు?"

"ఏమీ అనను. నాకేం వచ్చు అనడానికి. ఆ చోటు ఖాళీగా ఉంటే చూడలేక నిలబడతాను."

తువ్వాలు తీసుకుని వేళ్ల సందులు కూడా ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. పిల్ల తువ్వాలు దండెం మీద ఆరేసింది.

ఆ తర్వాత పిల్ల తనకి తానే ఒక కట్టుబాటు పెట్టుకుంది. మాట అంటే మూల మడత ఉంటుంది, అనకపోతే ఉండదు. కొన్ని రోజులు పది దాటేవి కావు, నోరు మళ్లీ మూసుకుపోయేది. కొన్ని రోజులు నలభై అయ్యేవి. నమ్మకం వచ్చి అనలేదు. పైన ఎవరో ఆ మూల కోసం తడుముకుంటారు కాబట్టి అంది. అంటున్నంత సేపూ లోపల ఏమీ కదిలేది కాదు. మొద్దుబారిన వేలికి ఇంకా చలి వదల్లేదు. మధ్యలో ఎప్పుడైనా ఒక దుప్పటి దగ్గర, ఎందుకో తెలియకుండా, దీని మీద పడుకునేది మగవాళ్లా ఆడవాళ్లా అన్న ఆలోచన వచ్చేది. వచ్చినట్టే పోయేది.

మూడో వార్డు మాసిన బట్టలు వారానికి రెండుసార్లు వచ్చేవి. పిల్ల వాటిని వేరు చేసేటప్పుడు మూలలు చూసేది. వారం రోజులు పరిచిన దుప్పటికి గీత అరిగిపోతుంది, మిగిలినది ఉతుకులో పోతుంది. ఏది ఎవరిదో చెప్పడానికి లేదు. దర్జీ మళ్లీ రాలేదు.

నెల తిరిగాక సిస్టరు ఇంకోసారి కిందికి దిగింది. దొంతర దగ్గర నిలబడి మూలలు ఏరుకుంటోంది. పిల్ల ఆమెకి రెండడుగుల దూరంలో ఉంది. మెడలో టేపున్న ఆయన, వాళ్లావిడ, చేతి కుట్టు ఆవిడ. ఇంత అంటే చాలు, సిస్టరు చెప్పేస్తుంది. ప్రశ్న నాలుక మీదికి వచ్చింది కూడా. పొడుగక్క అది కనిపెట్టి పని ఆపి చూస్తోంది.

సిస్టరు ఏరుకున్నవన్నీ ఒక దొంతరగా పెట్టుకుని, ఇవాళ పద్దెనిమిదేనా అంది.

"రేపు ఇంకొన్ని చేస్తాను," అంది పిల్ల.

సిస్టరు వెళ్లిపోయింది. రోలరు మీంచి దుప్పటి వచ్చింది, కాలుతూ. పిల్ల ఇటు మూలలు పట్టుకుంది, పొడుగక్క అటు పట్టుకుని నిలబడింది. లెక్క పెట్టుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది.

నొప్పి తగ్గాలి, అంది పిల్ల. నిద్ర పట్టాలి. కొంచెం ఆగింది.

"భయం పోవాలి."

పొడుగక్క నడిచి వచ్చింది.